మెట్ల గోడ మీది లక్ష్మీ కమలం

ఆ మొక్క కుళ్లిపోతుందని నాకు మొదటి రోజే తెలుసు. ఒక్క మాట చెప్పి ఉంటే బతికేది. చెప్పలేదు. ఇప్పుడు మళ్లీ అదే రోజు వచ్చినా చెప్పను.

మా ఆడబిడ్డ, అంటే మా ఆయనకు అక్క, పై అంతస్తులో ఉంటుంది. మేము కింద ఉంటాం. మొఘల్‌పురాలో మా మామగారు కట్టిన ఇల్లు ఇది. ఆయన పోయాక పైది ఆమెకు, కిందిది మాకు వచ్చింది. రెండు ఇళ్లకూ ఉమ్మడిగా మిగిలింది మెట్లు మాత్రమే. ఆ మెట్లు మలుపు తిరిగే చోట నడుమెత్తు గోడ ఒకటి ఉంది. మా వాటాకు దక్కే ఎండంతా ఆ గోడ మీదే పడుతుంది. పొద్దున్న ఎదురింటి వాళ్ల నీళ్ల ట్యాంకు పక్కనుంచి సన్నగా దిగి, వంట పూర్తయ్యేలోపు వెళ్లిపోతుంది. కింది గదుల్లో మేము మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేసుకునే ఉంటాం.

నా మొక్కలు ఆ గోడ మీద ఉండేవి. అన్నీ ఒకే జాతివి. గులాబీ పువ్వు రాయిగా మారితే ఎలా ఉంటుందో అలా ఉంటాయి. నడిమధ్య నుంచి మొదలై, ఆకులు ఒకదాని సందులో ఒకటి చుట్టూ తిరుగుతూ పరుచుకుంటాయి. ఒక్కో ఆకు దోసకాయ ముక్కంత మందం. నీళ్లన్నీ ఆకుల్లోనే దాచుకుంటాయి కాబట్టి మనం పోయనక్కర్లేదు. నర్సరీవాళ్లు వీటికి నోరు తిరగని పేరేదో చెబుతారు. ఈమధ్య అందరూ లక్ష్మీ కమలం అంటున్నారు. ఆ పేరే కొంప ముంచింది.

వాటన్నిటికీ తల్లి మొక్కను నాకు ఇచ్చింది నేను ఆపా, అంటే అక్కా, అని పిలిచే ఆమె. మా గల్లీ చివర ఆమె ఇంటి వరండాలో నేను చాలా ఏళ్లు లక్క గాజులకు రాళ్లు పొదిగాను. గాజు మీది లక్కను వేడి చేసి, మెత్తబడగానే చిమటా అనే సన్న పట్టకారుతో ఒక్కో రాయినీ ఎత్తిపెట్టి నొక్కాలి. లక్క చల్లారితే రాయి పట్టదు, మరీ వేడిగా ఉంటే రాయి మునిగిపోతుంది. ఆ వరండా కిటికీలో, అడుగు పగిలిన ఊరగాయ జాడీలో, ఆ మొక్క ఉండేది. పనిలో కళ్లు అలిసినప్పుడు దాన్ని చూసేదాన్ని. మేము గాజు మీద రాళ్లు పేర్చే వరస, అది ఆకులు పేర్చే వరస ఒకటే. కాకపోతే దానికి చేయి వణకదు.

మొదట్లో ఒకసారి జాలిపడి దానికి చెంబెడు నీళ్లు పోయబోతే ఆపా కేక వేసింది.

"అరే, పానీ నక్కో! దాన్ని మర్చిపో బహెన్. నువ్వు మర్చిపోతెనే అది బతుకుతది. ధూప్, ఎండ చూపెట్టు, గంతే."

తర్వాత మిగతావి కూడా ఆమే నేర్పింది. మట్టిలో సగం ఇసుక, ఇటుక ముక్కలు కలపాలి. కుండీ అడుగున బెజ్జం ఉండాలి. కింది ఆకులు వేలితో నొక్కితే మెత్తగా తగిలినప్పుడే నీళ్లు, అవీ మట్టికే. నడినెత్తిన మాత్రం ఒక్క చుక్క కూడా పడకూడదు. ఆకుల మీద బూడిదలాంటి తెల్లపొడి ఉంటుంది, దాన్ని ముట్టుకోకూడదు, పోతే మళ్లీ రాదు. ఎండ చాలకపోతే మొక్క మెడ సాచి, ఆకులు విడిపోయి, పువ్వు రూపమే పోతుంది.

ఆపా వాళ్ల ఇల్లు వాటాల తగాదాలో అమ్ముడుపోయింది. ఆమె ఊరి చివర అద్దెకు వెళ్లింది. వెళ్లేరోజు సామాను ఆటోలోకి ఎక్కాక, ఆ జాడీని తెచ్చి నా ఒడిలో పెట్టింది. "నేను పోయే ఇంట్లో కిటికీ లేదు. నీకు గోడన్న ఉన్నది" అంది. ఆ జాడీ తెచ్చి మెట్ల గోడ మీద పెట్టాను. దాని పిల్లల్ని వేరే కుండీల్లో వేశాను, కొన్ని బతికాయి, కొన్ని పోయాయి. తల్లి మాత్రం భోజనం పళ్లెమంత అయింది.

మా ఆడబిడ్డకు ఆ గోడ మీద మొదటినుంచీ కన్ను. మిరపకాయలు ఆరబెట్టాలంటుంది, వడియాలంటుంది, దుప్పట్లంటుంది. పైన ఆమెకు మేడంతా ఎండే. అయినా ఈ గోడే కావాలి. దిగేటప్పుడు నా కుండీలను చూసి, వినపడేటట్టు అనేది: "పిల్లలు లేనోళ్లు గిట్లనే, చెట్లను సాదుకుంట కూసుంటరు."

ఈ మాట దగ్గర కొంచెం ఆగాలి. దీని వెనక ఇంకొకటి ఉంది.

చాలా ఏళ్ల కిందట నాకు కడుపులో నొప్పి వచ్చి పెద్దాసుపత్రికి వెళ్లాల్సి వచ్చింది. నాకు అప్పుడు అక్షరం ముక్క రాదు. అక్కడ ఏ గది ఎక్కడో బోర్డులు చదివితే గానీ తెలియదు. మా ఆయనకు బస్సు డిపోలో డ్యూటీ. ఆడబిడ్డ ఏడో తరగతి చదివింది కాబట్టి ఆమెను తోడు తీసుకెళ్లాను. లోపల డాక్టరమ్మ చెప్పింది విన్నాను. మా ఆయనకు ఎలా చెప్పాలా అని ఆటోలో దారి పొడుగునా మాటలు కూడగట్టుకుంటూ వచ్చాను. ఆటో దిగి నేను చెప్పులు విప్పే లోపలే ఆమె మెట్లెక్కి, మలుపులో నిలబడి, ఎదురింటి వాళ్లకు కేకేసి చెప్పింది.

"గర్భసంచి తీసేస్తరట! ఇగ ఆశ లేదట!"

కింద కూరగాయల బండి దగ్గర గల్లీ ఆడవాళ్లందరూ ఉన్నారు. మా ఆయన సాయంత్రం డ్యూటీ దిగి వస్తుంటే గల్లీ మొదట్లోనే ఎవరో ఆయనకు చెప్పేశారు. నేను కూడగట్టుకున్న మాటలు నా దగ్గరే ఉండిపోయాయి.

జుట్టు నెరిసిన తర్వాత నేను అక్షరాలు నేర్చుకున్నది ఇంకెప్పుడూ ఆమెను తోడు రమ్మని అడగకూడదనే. కమ్యూనిటీ హాల్లో సాయంత్రం పూట బడి పెడితే వెళ్లాను. మిగతా ఆడవాళ్లు దేవుడి పుస్తకం చదువుకోవాలని వచ్చారు, బస్సుల నంబర్ల కోసం వచ్చారు. నేను కోపంతో వచ్చాను. కోపంతో నేర్చుకుంటే చదువు తొందరగా వస్తుంది. పత్తర్‌గట్టి దుకాణాల మీది పేర్లన్నీ ఒకటొకటిగా చదువుకుంటూ నడిచిన రోజు, వాటిలో మా ఆడబిడ్డ భర్త నడిపే మ్యాచింగ్ సెంటర్ బోర్డు కూడా చదివాను. అందులో రంగు వెలిసి ఒక అక్షరం ఊడిపోయి ఉంది. ఎవరికీ చెప్పలేదు గానీ ఆ రోజంతా సంతోషంగా ఉన్నాను.

ఆ దుకాణం ఈమధ్య సరిగ్గా నడవడం లేదు. జనం ఫోన్లలోనే కొనుక్కుంటున్నారు. ఆడబిడ్డ కూడా ఫోన్లోనే పరిష్కారం వెతుక్కుంది. ఈశాన్యం మూల లక్ష్మీ కమలం పెడితే వ్యాపారం లేస్తుందని ఎవరో వీడియోలో చెప్పారట. కొనుక్కోవచ్చు, నర్సరీల్లో దొరుకుతుంది. కానీ ఆమెకు ఇంకో నమ్మకం ఉంది. మా వైపు చాలామందికి ఉన్నదే. మనీప్లాంట్ కొని పెడితే కలిసిరాదు, అడిగి తెచ్చుకున్నా కలిసిరాదు, ఎవరింట్లోనో చెప్పకుండా తెంపుకొస్తేనే కలిసొస్తుందని. పైన ఆమె కిటికీకి పాకిన మనీప్లాంట్ అట్లా వచ్చిందే. ఒక పెళ్లికి వెళ్లినప్పుడు చుట్టాల ఇంట్లో తుంచి హ్యాండ్‌బ్యాగులో వేసుకొచ్చింది. అది ఆమె నవ్వుతూ అందరికీ చెప్పుకునే కథ.

శ్రావణ మాసం మొదలైన వారంలో ఒకరోజు పొద్దున్నే గోడ దగ్గరికి వెళ్తే జాడీ ఉంది, తల్లి మొక్క లేదు. మట్టి గడ్డతో సహా పెకలించుకుపోయారు. జాడీలో గుంట, గోడ మీద ఇసుక, ఆ ఇసుక పై మెట్ల వైపు కొంచెం కొంచెంగా రాలి ఉంది. ఆమె అప్పుడే దిగుతోంది.

"వదినె, గీ జాడీల మొక్కుండె. ఏమన్న చూసినవా?"

"నీ మొక్కలకు నేను కావలున్ననా? పిల్లి పీకి ఉంటది."

"మట్టి గడ్డతోని పిల్లి పీకుతదా?"

"ఏమోనే, మీ కింది పిల్లులు మస్తు హుషారు" అని పైట సర్దుకుని దిగిపోయింది.

మా ఆయనకు చెబితే టీ గ్లాసు కింద పెట్టకుండానే తీర్పు చెప్పారు. "ఒక్క మొక్క గదనే. లొల్లి వెట్టకు. అక్క ఎందుకు తీస్తది?" ఆయన డిపోలో ఇంజన్లు విప్పి ఏ చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందో కనిపెట్టే మనిషి. ఇంట్లో మాత్రం ఏ చప్పుడూ వినపడదు.

వరలక్ష్మీ వ్రతం రోజు పసుపుబొట్టుకు రమ్మని ఆమె నన్నూ పిలిచింది. పిలవకపోతే అనుమానం వస్తుందనుకుందేమో. నేను పట్టుచీర కట్టుకుని వెళ్లాను. గల్లీలోని ఆడవాళ్లు అందరూ ఉన్నారు. కలశం పక్కన ఇత్తడి గిన్నె, గిన్నెలో నా మొక్క.

గుర్తుపట్టడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆ వేసవిలోనే నేను ఆ గోడ పక్కన కూర్చుని గాజుల పని చేస్తుంటే వేడి లక్క ఒక చుక్క ఎగిరి దాని ఆకు మీద పడింది. ఆకు చచ్చిపోలేదు గానీ గోరంత గోధుమరంగు మచ్చ పడింది. ఆ మచ్చ అలాగే ఉంది. మిగతాదంతా పాడుచేసింది. తడిగుడ్డతో తుడిచినట్టుంది, తెల్లపొడి మొత్తం పోయి ఆకులు నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. ప్రతి ఆకుకూ పసుపు, కుంకుమ బొట్లు. నడినెత్తిన అక్షింతలు. మేము చూస్తుండగానే ఆమె కలశంలోని నీళ్లు ఉద్ధరిణితో తీసి సరిగ్గా నడిమధ్యలో పోసింది. అమ్మవారు కమలంలో కూర్చుంటుంది కాబట్టి కమలం మధ్యలోనే అభిషేకం. ఆ గిన్నెకు అడుగున బెజ్జం లేదు. నీళ్లు పోయే దారి లేదు.

పక్కింటామె ముచ్చటపడి అడిగింది. "ఎక్కడిది వదినమ్మా, మస్తుగున్నది?"

"నర్సరీల తీసుకున్న. పెద్దది కావాలని వెతికి వెతికి తెచ్చిన" అంది, నా మొహంలోకి చూస్తూనే.

నోటి దాకా వచ్చింది. ఆ మచ్చ చూపించి అక్కడే, అమ్మవారి ముందే అడుగుదామనుకున్నాను. అడిగితే ఏమవుతుంది? లేదంటుంది. ఏడుస్తుంది. పండగ పూట మొక్క కోసం ఇల్లు అపవిత్రం చేశానంటుంది. మా ఆయన నాదే తప్పంటారు. అందుకని నోరు మూసుకుని కూర్చున్నాను. అప్పుడు ఆమే అడిగింది. దొంగసొత్తు పక్కన పెట్టుకుని నన్నే అడిగింది.

"నువ్వు పెంచుతవు గదా, దీనికి నీళ్లెట్ల? రోజు పొయ్యాలెనా?"

నేను ఆ మొక్కను చూశాను, ఆమెను చూశాను.

"లక్ష్మమ్మకు నీళ్లు వద్దంటమా వదినె? నీ భక్తి ఎంతుంటే గంత" అన్నాను.

చేతిలో పెట్టిన శనగలు తిన్నాను. తాంబూలం తీసుకున్నాను. మెట్లు దిగుతూ ఉంటే నాకు కాళ్లు తేలిగ్గా అనిపించాయి.

ఆ రోజు నుంచి నేను ఎదురుచూస్తూ బతికాను. నాకు కావలసింది ఒక్కటే. తీసింది తనేనని ఆమె నోటితో చెప్పాలి. మొక్క బతకాలంటే అది తొందరగా జరగాలి. శ్రావణంలో మబ్బు, ముసురు. ఆరుబయట ఉన్న నా పిల్ల మొక్కలకే వాన తగలకుండా రేకు అడ్డం పెట్టాను. బెజ్జం లేని గిన్నెలో, రోజూ నడినెత్తిన నీళ్లు పోయించుకుంటూ అది ఎన్నాళ్లు ఆగుతుంది? పొద్దున్న పైన గంట మోగేది. గంట తర్వాత ఉద్ధరిణి గిన్నెకు తగిలిన చప్పుడు. కింద నేను బియ్యం ఏరుతూ వినేదాన్ని. పొయ్యి వదినె, ఇంకా పొయ్యి, అనుకునేదాన్ని. మరుక్షణం ఆ ఆకులు గుర్తొచ్చి, పొయ్యకు, చాలు, అనుకునేదాన్ని. రెండూ నాకే.

ఆపా ఫోన్ చేసింది. ఎప్పుడు చేసినా ముందు మొక్కనే అడుగుతుంది. దాచలేక మొత్తం చెప్పాను. ఆమె నాకంటే ఎక్కువ మండిపడింది.

"నేనుంటే జుట్టు పట్టుకుని మెట్ల మీదికెళ్లి ఈడ్చేదాన్ని! నువ్వేం జేస్తున్నవ్?"

"ఆమెతోనే చెప్పిస్త ఆపా. చూస్తున్న."

"పహ్లే పౌధా, బాద్ మే బద్లా" అంది. ముందు మొక్క, తర్వాత పగ. "పోయి తెచ్చుకో బహెన్. తర్వాత ఎంతన్న తిట్టు. చచ్చినంక తెచ్చుకుని ఏం జేస్తవ్?"

ఆపా మాట నేను ఎప్పుడూ కాదనలేదు. ఆ ఒక్కసారి కాదన్నాను. ఆమెకు పోయింది మొక్క ఒక్కటే. నాకు ఆ మెట్ల మలుపులో అంతకుముందు పోయింది ఇంకొకటి ఉంది.

ఆఖరి శుక్రవారం దగ్గరపడుతుండగా మా ఆడబిడ్డ మా గుమ్మంలోకి వచ్చింది. మామూలుగా ఆమె పైనుంచే పిలుస్తుంది. దిగి రాదు.

"ఏమే మరదలా, జర పైకి రారాదు? ఆ కమలం ఆకులు రాలుతున్నయి. ముట్టుకుంటె చాలు, ఊడి చేతికొస్తున్నయి."

వెళ్లలేదు. ఉన్నచోటే కూర్చుని అడిగాను. "ఆకులెట్లున్నయి?"

"అద్దం లెక్క అయినయి. లోపల నీళ్లు కనిపిస్తున్నయి."

అంటే కుళ్లు ఆకుల దాకా వచ్చిందన్నమాట. కాండం పైభాగం ఇంకా గట్టిగా ఉండొచ్చు. ఆ రోజే పెకలించి, నల్లబడిన కాండం మొత్తం కోసేసి, పైన తలను ఎండలో ఆరబెడితే మళ్లీ వేళ్లేస్తుంది. నా చేతులు చిమచిమలాడాయి. చేతుల్ని ఒళ్లో పెట్టుకున్నాను.

"ఏ నర్సరీ వదినె?"

"ఆఁ?"

"యాడ తీసుకున్నవో ఆడికే తీస్కపో. మంచి నర్సరీ అయితె మార్చి ఇస్తరు."

"గదీ నిజమేలే" అని వెళ్లిపోయింది. మెట్ల మీద ఆమె అడుగుల్ని వింటూ, మలుపులో ఆగుతుందేమో, వెనక్కి వస్తుందేమో అని చూశాను. రాలేదు.

ఆమె ఆ రోజే ఇచ్చేసి ఉంటే బతికేది. ఈ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. ఆమె అబద్ధం వల్ల పోయింది, నా మొండితనం వల్ల పోయింది. నేను నా వాటా ఒప్పుకోను. దొంగిలించింది నేను కాదు.

శుక్రవారం పొద్దున గంట మోగలేదు. దానికి బదులు ఆమె కేక వినిపించింది. కాసేపటికి ఇత్తడి గిన్నె రెండు చేతులతో పట్టుకుని మెట్లు దిగుతూ వచ్చింది. జుట్టు ముడి వేసుకోలేదు. నేను అప్పుడే గోడ దగ్గర పిల్ల కుండీల మీది రేకు తీస్తున్నాను. మేమిద్దరం సరిగ్గా ఆ మలుపులో ఎదురుపడ్డాం. కింద గల్లీలో కూరగాయల బండి ఆగి ఉంది. పక్కింటామె, ఎదురింటివాళ్లు, ఇంకా ఎవరెవరో బెండకాయలు ఏరుకుంటున్నారు.

"చూడు, నడుమ నల్లగైంది" అంది. "పొద్దుగాల బొట్టు పెడ్దామని ముట్టుకుంటె మధ్యల రేకులన్ని వేలికొచ్చినయి. శుక్రవారం పూట! వాసనొస్తున్నదే. లక్ష్మి పోతున్నదంటున్నరు. దుకాణంల నిన్న కూడ బోణీ లేదు. ఏదన్న చెయ్యి."

"నేనేం జేస్త వదినె? మీ నర్సరీ మొక్క."

"నర్సరీది గాదు."

"మరెవరిది?"

కిందికి ఒకసారి చూసింది. గొంతు తగ్గించి, గోడకు చెప్పినట్టు చెప్పింది. "నీదే. దొంగిలిస్తెనే కలిసొస్తదన్నరు. మనీప్లాంట్ లెక్క. తీస్కపోయిన."

"ఏందీ?"

"నీదే అంటున్న గదా."

"ఈమధ్య నాకు జర చెవుడొచ్చినట్టున్నది. గట్టిగ చెప్పు."

ఆమె నన్ను చూసింది. తనకు అర్థమైందని నాకు అర్థమైంది. ఈ మలుపు ఆమెకు కూడా గుర్తుంది. గిన్నెలో మురికి నీళ్లు అంచు దాకా వచ్చి వెనక్కి పోతున్నాయి.

"నీ మొక్క నేనే ఎత్తుకపోయిన! చాలా?"

కింద బెండకాయలు ఏరే చేతులు ఆగిపోయాయి. పక్కింటామె పైకి చూసి, "అగో, నర్సరీల వెతికి వెతికి తెచ్చిన అంటివి గదా వదినమ్మా?" అంది. ఎవరో కిసుక్కున నవ్వారు. కూరగాయలమ్మే ఆమె కూడా నవ్వింది, ఆమెకు ఈ కథంతా తెలియకపోయినా. ఇంకొకామె, "మా ఇంట్ల మనీప్లాంట్ కూడ జర చూసుకోవాలె" అంది. మా ఆడబిడ్డ ఆ గిన్నె నా చేతిలో పెట్టి, జుట్టు ముడేసుకుంటూ పైకి వెళ్లిపోయింది. ఆ రోజు ఆమె తలుపు మళ్లీ తెరుచుకోలేదు.

నేను ఆశించినంత హాయిగా ఉంది. అబద్ధమెందుకు? ఆ నవ్వు ఎన్నో ఏళ్లు ఆలస్యంగా వచ్చింది, అయినా బాగుంది.

తర్వాత గిన్నె కిందికి తెచ్చుకుని, నీళ్లు వంచేసి, మొక్కను పైకి లాగాను. వేళ్లు లేవు, నల్లటి బంక మాత్రమే ఉంది. గాజుల పనికి వాడే చిన్న కత్తిని పొయ్యి మీద కాల్చి కాండం కోశాను. నల్లగా ఉంది. ఇంకొంచెం పైన కోశాను. మధ్యలో నల్ల చుక్క. ఇంకా పైన. చుక్క చిన్నదైంది గానీ పోలేదు. లేత పచ్చటి కాండం కనపడితే చాలు, అక్కడి నుంచి బతికించవచ్చు. అలా కోసుకుంటూ కోసుకుంటూ పోతే ఆఖరికి కోయడానికి కాండం లేదు. పళ్లెమంత మొక్కలో నా చేతిలో ఏమీ మిగల్లేదు.

ఆ రోజు వంట చేయలేదు. మా ఆయన ఏమైందని అడగలేదు. గల్లీలో విని ఉంటారు. బయటికి వెళ్లి ఇడ్లీలు కట్టించుకొచ్చారు.

రాలిన ఆకుల్లో ఎక్కువ భాగం నీళ్లోడుతున్నాయి, అవి పారేశాను. కొన్ని మాత్రం, ఎప్పుడు ఊడాయో గానీ, ఇంకా గట్టిగా ఉన్నాయి. వాటిలో లక్క మచ్చ ఉన్న ఆకు కూడా ఉంది. వాటిని చిమటాతో ఎత్తి, పొడి ఇసుక మీద పరిచి, గోడ మీద నీడపట్టున పెట్టాను. మర్చిపోయినట్టు ఉండాలి. ఆపా చెప్పినట్టు మర్చిపోయినట్టే ఉన్నాను. దసరా దాటేసరికి ఆకుల మొదట్లో గులాబీరంగు దారాల్లాంటి వేళ్లు వచ్చాయి. ఆ తర్వాత వాటి పక్కన బఠాణీ గింజంత పువ్వులు. పిల్లలు పెరిగే కొద్దీ తల్లి ఆకు ఎండి ముడుచుకుపోతుంది. మచ్చ ఉన్నది అన్నిటికంటే ఆలస్యంగా ఎండింది.

ఆపాకు చెప్పాను. మొక్క పోయిందంటే ఏడ్చింది, తర్వాత మెట్ల మీద జరిగిందంతా మళ్లీ మొదటినుంచీ చెప్పించుకుని నవ్వింది, తర్వాత మళ్లీ ఏడ్చింది. "నేను చెప్పిన, నువ్వినలే" అంది. విననందుకు కోపంగానే ఉంది. ఆమెకు మొదటి పిల్ల మొక్కను పంపాను. కిటికీ లేకపోయినా గుమ్మం దగ్గర పెట్టుకుంటానంది.

మిగతావి చలికాలంలో అంచులు ఎరుపెక్కి అందంగా తయారయ్యాక పంచాను. ఆ రోజు కూరగాయల బండి దగ్గర ఉన్న ప్రతి ఇంటికీ ఒకటి. పక్కింటికి ఒకటి, ఎదురింటికి ఒకటి. ఎవరూ అడగలేదు, నేనే తీసుకెళ్లి ఇచ్చాను. "ఇట్ల ఇస్తె కలిసొస్తదా?" అని పక్కింటామె నవ్వుతూ అడిగింది. "నీళ్లు పొయ్యకపోతె కలిసొస్తది" అన్నాను. ఇప్పుడు మా గల్లీలో ఏ కిటికీ చూసినా, ఏ అరుగు చూసినా అవే. మా ఆడబిడ్డ పత్తర్‌గట్టికి వెళ్లాలంటే వాటన్నిటి ముందునుంచీ నడిచి వెళ్లాలి.

ఆమెకు ఇవ్వలేదు.

మా ఆయన ఒకసారి మెల్లగా అన్నారు. "అక్కకు గూడ ఒకటియ్యరాదు? అయిపోయిందేదో అయిపోయింది." అయిపోలేదని చెప్పాను. ఆయన టీ తాగారు.

మచ్చ ఆకుకు పుట్టిన పిల్ల అన్నిటికంటే గుండ్రంగా వచ్చింది. దాన్ని ఆపా జాడీలోనే వేసి, గోడ మీద పాత చోటనే పెట్టాను. గాజులకు వాడే బంగారు రంగు ఇంట్లో ఉంది. అక్షరాలు నేర్చుకున్నాక నేను రాసిందంటూ ఏమీ లేదు. ఎవరికి రాయాలి? సన్న కుంచె తీసుకుని ఆ జాడీ మీద పెద్ద అక్షరాలతో రాశాను: అడిగితే ఇస్తాను.

ఇప్పటికీ ఆమె అడగలేదు. పైకి వెళ్లేటప్పుడు, కిందికి దిగేటప్పుడు, ఆ మలుపులో ఆమె అడుగు ఒకసారి తడబడుతుంది. ఆమెకు చదువు వచ్చు కదా, చదవకుండా ఉండలేదు. చేతులు పైటలో చుట్టుకుని గోడకు దూరంగా నడుస్తుంది.

ఒక చిన్న చిక్కు వచ్చింది. ఈ మొక్కను అప్పుడప్పుడు తిప్పుతూ ఉండాలి, లేకపోతే ఎండ వచ్చే వైపే వాలి, గుండ్రం చెడిపోతుంది. జాడీని తిప్పితే అక్షరాలు గోడవతలకు పోయేవి. ఒకటి రెండు వారాలు ఆమె హాయిగా దిగింది. అది గమనించి, జాడీని కడిగి ఆరబెట్టి, నాలుగు వైపులా రాశాను.